పాబ్లో హనీ: ఒక్క పాట ఆల్బమా, పన్నెండు పాటల ఆల్బమా?

వానరాత్రి:
బ్రిటన్ రాక్ బృందం రేడియోహెడ్ గురించి మాట్లాడుకునేటప్పుడు వారి తొలి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’ని తప్పించుకుని పోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది. 1997లో వచ్చిన ‘ఓకే కంప్యూటర్’ మీద పుటలకు పుటలు రాసినవారు కూడా, 1993 ఫిబ్రవరి 22న బ్రిటన్‌లో విడుదలైన ఈ పన్నెండు పాటల దగ్గరకు వచ్చేసరికి ‘క్రీప్’ పేరు ఒకసారి తలచుకుని పక్కకు జరిగిపోతారు. ఈ తీర్పు విని విని నాకూ అదే నిజమనిపించేది. గత వారం రోజులుగా మాత్రం, ఏ పాటనూ దాటవేయకుండా, వరుస మార్చకుండా, రోజుకొకసారి చొప్పున మొత్తం విన్నాను. నలభై రెండు నిమిషాల పని కాబట్టి పెద్ద కష్టమేమీ కాలేదు.

విన్న తరువాత ఒక ప్రశ్న పట్టుకుంది. బృందంలోని ఈ ఐదుగురూ 1993 చివర్లోనే ఎవరి దారిన వారు వెళ్ళిపోయి ఉంటే, రెండవ ఆల్బమ్ ‘ది బెండ్స్’ గానీ ఆ తరువాతివి గానీ పుట్టకపోయి ఉంటే, ఈ ఆల్బమ్‌ను మనం ఇప్పుడు ఎలా వినేవాళ్ళం? తరువాతి గొప్పతనం దీనికి మేలు చేసిందా, కీడు చేసిందా? నా లెక్కలో ‘యూ’, ‘క్రీప్’, ‘స్టాప్ విస్పరింగ్’, ‘లర్గీ’, ‘బ్లో అవుట్’ అనే ఐదు పాటలు ఎవరి సిఫారసూ లేకుండా నిలబడతాయి. రెండు పాటలు బొత్తిగా నిలబడవు. మిగిలిన ఐదింటి గురించి నాకు నిశ్చయం కుదరలేదు. మీరు ఏ పాట గురించి రాసినా, ఎందుకు నచ్చిందో లేదా ఎందుకు నచ్చలేదో కారణం కూడా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఎదురుగాలి:
మీ ప్రశ్నకు నా సమాధానం కొంచెం కఠినంగానే ఉంటుంది. ఆ బృందం అప్పుడే విడిపోయి ఉంటే, ‘క్రీప్’ పాత రేడియో పాటల సంకలనాలలో ఒకటిగా మిగిలేది, తక్కిన పదకొండు పాటలు ఎవరికీ గుర్తుండేవి కావు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవాళ్ళు అంటారు. ఈ ఆల్బమ్ అట్ట మీద పువ్వు నడుమ పసిబిడ్డ ముఖం ఉంది కానీ పరిమళం మాత్రం ఎక్కువగా ఎరువు తెచ్చుకున్నదే. ‘స్టాప్ విస్పరింగ్’ వింటే పిక్సీస్, యూ2 బృందాలు కలిసి వినిపిస్తాయి. ‘హౌ డూ యూ?’ వింటే అంతకు పదిహేనేళ్ళ ముందే బ్రిటన్‌లో పాతబడిన పంక్ వినిపిస్తుంది. అమెరికాలో 1991 తరువాత ప్రతి గిటారు బృందం పట్టుకున్న సూత్రం, అంటే చరణం నెమ్మదిగా, పల్లవి పిడుగులా అన్న సూత్రం, ఇక్కడ సగం పాటలలో కనిపిస్తుంది.

అదే 1993 వసంతంలో స్వేడ్ బృందం తొలి ఆల్బమ్ కూడా వచ్చింది. అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో నేరుగా మొదటి స్థానంలో నిలిచి, ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి కూడా అందుకుంది. ‘పాబ్లో హనీ’ ఎక్కిన అత్యున్నత స్థానం 22. అమ్మకాలే కొలబద్ద అని నేను అనడం లేదు. స్వేడ్ వారి ఆల్బమ్ మొదటి నిమిషం వినగానే ఇది ఎవరి గొంతో, ఏ ఊరి రాత్రుల నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. రేడియోహెడ్ తొలి ఆల్బమ్‌లో ఆ గుర్తింపు కోసం వెతుక్కోవాలి, వెతికినా ఒకటి రెండు చోట్లే దొరుకుతుంది. ఇంకా వెనక్కి పోతే, ఆర్.ఇ.ఎమ్. బృందం 1983లో ‘మర్మర్’తో వచ్చినప్పుడు మొదటి పాట నుంచే తమదైన లోకంతో వచ్చింది. తొలి ఆల్బమ్ కదా అని సర్దిచెప్పుకోవడం నాకు చేతకాదు.

ఆరుతంత్రులు:
ఎదురుగాలి గారి మాటల్లో కొంత నిజం ఉన్నప్పటికీ, ఆయన మొదటి పాటనే దాటవేశారు. నేను గిటారు వాయిస్తాను కాబట్టి, చేతికి తగిలిన సంగతి ఒకటి చెబుతాను. ‘యూ’ మొదట్లో వినిపించే గిటారు వరుసను మామూలుగా తల ఊపుతూ వాయించబోతే నాలుగో చుట్టు దగ్గర కాలు తడబడుతుంది. ఆరేసి అక్షరాల లెక్క మూడుసార్లు తిరిగి, నాలుగోసారి ఒక అక్షరం తగ్గి ఐదు దగ్గర తెగుతుంది. మొత్తం కలిపితే 23. తాళం తెలిసినవారికి ఇదేమంత పెద్ద చిక్కు కాదు గానీ, 1992లో రేడియో కోసం పాటలు కడుతున్న ఒక కుర్ర బృందం తమ ఆల్బమ్‌లో మొట్టమొదటి శబ్దంగా ఈ కుంటి లెక్కను పెట్టుకోవడం గమనించదగినది. వినేవారికి అది లెక్కగా తెలియదు. ఎవరో మెట్టు దిగుతూ చివరి మెట్టు లేదని గ్రహించినట్టుగా ఒక చిన్న తూలు మాత్రమే తెలుస్తుంది. తరువాతి ఆల్బమ్‌లలో మనం మెచ్చుకునే లెక్కల తమాషాలకు ఇదే మొలక.

ఇక ‘క్రీప్’. ఆ పాటలో మొదటి నుంచి చివరి వరకు నాలుగే కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) ఉన్నాయి: జి, బి, సి, సి మైనర్. చరణం, పల్లవి, నడుమ వచ్చే ఎత్తైన భాగం, అన్నింటికీ ఇవే. జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని ఒక్కొక్క కార్డు నుంచి ఒక్క స్వరాన్ని ఏరి పాడి చూడండి: పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, మళ్ళీ శుద్ధ ధైవతం, అక్కడి నుంచి తిరిగి పంచమం. ఒక్కొక్క అడుగు పైకి వేసి, అందుకోబోయినది అందక, వచ్చిన దారినే దిగిపోయే వరుస ఇది. తాను ఇక్కడ ఉండదగినవాడిని కానని చెప్పుకునే మనిషి కథను ఆ ఒక్క స్వరం మాటలు లేకుండానే చెబుతుంది. అందుకే భాష రానివారికి కూడా ఆ పాట దిగులుగానే వినిపిస్తుంది.

తొలిపాట:
నేను ఈ బృందాన్ని తలకిందులుగా విన్నాను. మొదట ‘కిడ్ ఎ’, తరువాత ‘ఓకే కంప్యూటర్’, ఆ తరువాత ‘ది బెండ్స్’, అన్నిటికంటే చివర ఈ తొలి ఆల్బమ్. ఇలా వచ్చినవారికి ‘పాబ్లో హనీ’ ఒక చిత్రమైన అనుభవం. యంత్రాల భయం గురించీ నగరాల ఒంటరితనం గురించీ పాడిన గొంతే ఇక్కడ ‘థింకింగ్ అబౌట్ యూ’లో, దూరమైపోయిన మనిషి గురించి ఏ మరుగూ లేకుండా, ఒక అకూస్టిక్ గిటారు పట్టుకుని పాడుతుంది. రెండున్నర నిమిషాలు దాటగానే పాట అయిపోతుంది. పెద్ద పాట అని నేను అనను. అంత సూటిగా పాడే ధైర్యం ఆ గాయకుడు తరువాత చాలా ఏళ్ళ వరకు చేయలేదు కాబట్టి, ఈ ఆల్బమ్‌లో నేను తరచుగా తిరిగి వెళ్ళే పాట అదే.

పాతటేపు:
చర్చలో కొంత చరిత్ర కూడా ఉంటే అభిప్రాయాలకు ఆధారం ఉంటుందని అనిపించి ఇది రాస్తున్నాను.

ఈ ఐదుగురు, అంటే గాయకుడు థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, ఆయన అన్న కాలిన్ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, ఫిల్ సెల్వే, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ పాఠశాలలో కలిసి చదువుకున్నవారు. 1985 నుంచి ‘ఆన్ ఎ ఫ్రైడే’ అనే పేరుతో వాయిస్తూ, 1991 చివర్లో ఇఎంఐ సంస్థతో ఒప్పందం కుదిరిన తరువాత, టాకింగ్ హెడ్స్ బృందం వారి 1986 నాటి పాట నుంచి కొత్త పేరు తీసుకున్నారు. ఆల్బమ్ విడుదలయ్యే నాటికి యార్క్ వయస్సు 24, జానీ వయస్సు 21. ఆరేడేళ్ళుగా పోగుపడిన పాటల మూటను విప్పి, 1992 శరత్కాలంలో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చిపింగ్ నార్టన్ స్టూడియోలో సుమారు మూడు వారాలలో రికార్డు చేశారు. ప్రొడ్యూసర్లు ఇద్దరూ, షాన్ స్లేడ్, పాల్ కోల్డెరీ, అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చినవారు. మిక్సింగ్, అంటే రికార్డు చేసిన ధ్వనులను కలిపే పని, కూడా అక్కడి ఫోర్ట్ అపాచీ స్టూడియోలోనే జరిగింది. ఎదురుగాలి గారికి అమెరికా వాసన తగిలిందంటే అందుకు కారణం పాటలలోనే కాదు, మిక్సింగ్ బల్ల దగ్గర కూడా ఉంది.

‘క్రీప్’ అసలు ప్రణాళికలో లేని పాట. వేరే పాటలు రికార్డు చేస్తుండగా, నడుమ ఊపిరి తీసుకోవడానికన్నట్టు బృందం దీన్ని వాయించింది. ఇది తమ స్కాట్ వాకర్ (ఒక పాత గాయకుడు) పాట అని యార్క్ చమత్కారంగా అనడంతో, ప్రొడ్యూసర్లు దాన్ని నిజంగానే మరొకరి పాట అనుకుని కొంత నిరాశపడ్డారు కూడా. 1992 సెప్టెంబరులో సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వచ్చినప్పుడు బ్రిటన్ పట్టికలో 78 దగ్గర ఆగిపోయింది. మరీ దిగులుగా ఉందని బీబీసీ రేడియో 1 పక్కన పెట్టింది. పాటకు ప్రాణం పోసింది ఇజ్రాయెల్ రేడియోలో యోవ్ కుట్నర్ పదే పదే వినిపించడం, ఆ తరువాత శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక స్టేషన్ అందుకోవడం. అమెరికాలో మొదటి నలభైలోకి చేరి 34వ స్థానం వరకు వెళ్ళాక, 1993 సెప్టెంబరులో సొంత దేశంలో మళ్ళీ విడుదలైతే అప్పుడు 7కు చేరింది. కాబట్టి ఈ ఆల్బమ్ తన దేశంలో తన కాళ్ళ మీద నడిచింది తక్కువ. పరాయి దేశాలలో పేరు తెచ్చుకున్న ఒక పాట దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువచ్చింది.

ఎదురుగాలి:
పాతటేపు గారి వివరాలకు కృతజ్ఞతలు. ఆ వివరాలు నా వాదానికే బలం చేకూరుస్తున్నాయని గమనించగలరు. ఆరేడేళ్ళ పాటలను మూడు వారాలలో కుక్కితే ఏమవుతుందో అదే అయింది. పన్నెండు పాటలలో మూడు, ‘యూ’, ‘ప్రూవ్ యువర్‌సెల్ఫ్’, ‘థింకింగ్ అబౌట్ యూ’, అప్పటికే 1992 మే నెలలో ‘డ్రిల్’ అనే చిన్న రికార్డులో వచ్చినవే.

నా అసలు ఫిర్యాదు ఇంకా చెప్పలేదు. ఈ బృందంలో గిటారు వాయించేవారు ముగ్గురు. ముగ్గురు గిటారిస్టులు ఉన్నప్పుడు ఒకరు నేల, ఒకరు గోడ, ఒకరు కిటికీ కావాలి. ఈ ఆల్బమ్‌లో చాలా చోట్ల ముగ్గురూ గోడలే కడుతున్నారు. ‘రిప్‌కార్డ్’ పల్లవి వినండి, ‘వెజిటబుల్’ చివరి నిమిషం వినండి, ‘ఐ కాంట్’ ఎక్కడైనా వినండి. మూడు గిటార్లూ ఒకే డిస్టార్షన్‌తో (గరగరలాడే ధ్వనితో), ఒకే మధ్య స్థాయిలో, ఒకే పని చేస్తుంటాయి. ఏ గిటారు తీసేసినా పాటకు లోటు తెలియదు. రెండేళ్ళ తరువాత ‘ది బెండ్స్’లో అదే ముగ్గురు ఒకరికొకరు చోటు వదలడం నేర్చుకున్నారు. నాకు 1993 నాటి బృందం మీద కోపం లేదు. ఇంకా వండని పదార్థాన్ని వడ్డించారన్నదే నా మాట.

ఆరుతంత్రులు:
గోడ, కిటికీ పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నాను. ‘ఐ కాంట్’ను సమర్థించడం నా వల్ల కూడా కాదు.

అయితే ఆ లోపం ఎక్కడ తొలగిందో వెతికితే అది కూడా ఈ ఆల్బమ్‌లోనే దొరుకుతుంది. ‘క్రీప్’లో పాట మొదలై నిమిషం కావస్తుండగా, పల్లవికి ముందు గిటారు మీద మూగగా పడే ఆ మోటు దెబ్బలు అందరికీ తెలుసు. పాట మరీ మెత్తగా ఉందని నచ్చక జానీ గ్రీన్‌వుడ్ అలా తీగల మీద కొట్టాడని బృందంలోని వారే చెప్పారు. అంటే ఒక గిటారు పాటను మోస్తుంటే ఇంకొక గిటారు ఆ పాటతో తగవుకు దిగుతోంది. మీరు అడిగిన పని విభజన అదే కదా! దాన్ని వారు ముందుగా ఆలోచించి చేయలేదు, విసుగులో చేశారు. ఆ విసుగే తరువాత పద్ధతిగా మారింది.

ముక్తాయింపు:
గిటార్ల గురించి ఇంత చెప్పుకుంటూ గొంతును వదిలేయడం న్యాయం కాదు. ఈ ఆల్బమ్‌లో యార్క్ గొంతు ఇంకా తన ఇల్లు కట్టుకోలేదు. ‘హౌ డూ యూ?’లో ముక్కుతో ఈసడిస్తూ పాడతాడు. ‘స్టాప్ విస్పరింగ్’లో మైదానం నిండా జనం ఉన్నట్టు పాడతాడు. ‘ప్రూవ్ యువర్‌సెల్ఫ్’లో విసుగు చెందిన కుర్రవాడిలా గొణుగుతాడు. ఒకే మనిషి ఇన్ని చొక్కాలు తొడిగి చూసుకోవడం తొలి ఆల్బమ్‌లలో మామూలే. ‘క్రీప్’ నడిమి భాగంలో ఆ గొంతు ఒక్కసారిగా పైస్థాయికి లేచి, అక్కడ నిలిచి, కింద గిటార్లు విరుచుకుపడుతున్నా తాను మాత్రం సన్నని దారంలా సాగడం వినండి. ఆ పది సెకన్లలో చొక్కా లేదు, ఒళ్ళే ఉంది.

ఆ పాటలోని మాటల గురించి ఒక అభ్యంతరం తరచుగా వింటుంటాను. అది తనను తాను జాలిగా చూసుకునే పాట అని, అందువల్ల పెద్దయ్యాక వినలేమని అంటారు. నాకు అందులో జాలి కంటే కోపం ఎక్కువగా వినిపిస్తుంది. రేడియో కోసం చేసిన ప్రతిలో పల్లవిలోని బూతు మాటను తీసి ‘వెరీ’ అనే సాదా మాట పెట్టారు. రెండు ప్రతులూ పక్కపక్కన వినిపించుకుంటే తేడా తెలిసిపోతుంది. సాదా మాటతో విన్నప్పుడు అది ఎవరినో మెచ్చుకునే పాట, బూతుతో విన్నప్పుడు మెచ్చుకోవలసి వచ్చినందుకు పళ్ళు కొరికే పాట. ఒక్క మాట మార్పుతో పాట గుణమే మారిపోవడం నేను మరెక్కడా ఇంత స్పష్టంగా చూడలేదు.

నడిమింట:
నేను చాలాకాలంగా చదువుతూ ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఒక సందేహం ఉంది. ‘క్రీప్’ రచయితల పేర్లలో బృందంతో పాటు ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ అనే మరో ఇద్దరి పేర్లు కనిపిస్తున్నాయి. వారు ఈ ఆల్బమ్‌లో పనిచేశారా?

పాతటేపు:
లేదు. వారిద్దరూ 1972లో ‘ది ఎయిర్ దట్ ఐ బ్రీత్’ అనే పాట రాశారు. 1974లో హోలీస్ బృందం పాడినప్పుడు అది బాగా ప్రసిద్ధమైంది. ‘క్రీప్’ కార్డుల వరుసకూ, ముక్తాయింపు గారు మెచ్చుకున్న ఆ నడిమి భాగం రాగానికీ ఆ పాటతో దగ్గరి పోలిక ఉంది. దాంతో వారికి రచనలో భాగం, రాబడిలో వాటా ఇచ్చారు.

ఎదురుగాలి:
అంటే ఆల్బమ్‌లో అందరూ గొప్పదని ఒప్పుకున్న పది సెకన్లలో కూడా కొంత ఎరువు సొమ్మే అన్నమాట. నేను ఇంకేమీ అనను.

ఆరుతంత్రులు:
ఎదురుగాలి గారూ, ఆ రెండు పాటలనూ వరుసగా వినండి. హోలీస్ పాటలో ఆ రాగం తృప్తిగా, ఏ లోటూ లేని మనిషి పాడుకున్నట్టు ఉంటుంది. ఇక్కడ అదే రాగం, కావలసినది తలుపు దాటి పోతుంటే చూస్తూ నిలబడిన మనిషి నోట వస్తుంది. అప్పు ఉన్న మాట నిజమే, దాన్ని తీర్చారు కూడా. అప్పు తెచ్చిన సొమ్ముతో ఏం కొన్నారన్నది కూడా చూడాలి కదా.

వానరాత్రి:
చర్చ ‘క్రీప్’ చుట్టూనే తిరగడం మొదలైంది. ఈ ఆల్బమ్‌కు ముప్పై ఏళ్ళుగా జరుగుతున్నది కూడా ఇదే. తక్కిన పాటల మీద కూడా కాస్త వెలుగు పడాలని మనవి. నేను మొదట నిలబడవన్న రెండు పాటలు ‘హౌ డూ యూ?’, ‘ఐ కాంట్’. ‘హౌ డూ యూ?’ నడుమ ఎవరో ఫోనులో మాట్లాడుతున్నట్టు వినిపించే ముక్కకు అర్థం ఏమిటో తెలిసినవారు చెప్పగలరా?

పాతటేపు:
అది జెర్కీ బాయ్స్ అనే అమెరికా హాస్య జంట ఆకతాయి ఫోను రికార్డింగులలోనిది. ఫోను చేసినవాడు అవతలి మనిషికి తల్లినన్నట్టు నటిస్తూ ‘పాబ్లో, హనీ’ అని ముద్దుగా పిలుస్తాడు. ప్రయాణాలలో ఆ టేపులు విని నవ్వుకునే ఈ కుర్రవాళ్ళు అదే పిలుపును ఆల్బమ్‌కు పేరుగా పెట్టుకున్నారు. ఈ పేరు వెనుక లోతైన అర్థం వెతికి వ్యాసాలు రాయబోయినవారిని నేను ఎరుగుదును, వారికి ఈ సంగతి చెప్పడానికి మనసు రాలేదు.

తొలిపాట:
‘లర్గీ’ గురించి ఎవరూ రాయనందుకు ఆశ్చర్యంగా ఉంది. ఆ మాటకు బ్రిటన్ వాడుకలో ఇదీ అని చెప్పలేని నలత అని అర్థం. పాటలోని మనిషి తనకు నయమైందని చెబుతూ ఉంటాడు. సంగీతం మాత్రం ఇంకా జ్వరం దిగని ఒంటిలా నెమ్మదిగా, కొంచెం వేడిగా సాగుతుంది. గిటార్లు ఇక్కడ గోడలు కట్టవు. ఒకటి వరుసగా స్వరాలు రాల్చుతూ ఉంటే ఇంకొకటి దూరంగా మూలుగుతుంది. ఎదురుగాలి గారు అడిగిన కిటికీ ఇక్కడ తెరిచే ఉంది.

ముక్తాయింపు:
దానికి తోడు ఇంకొక సంగతి. స్లేడ్, కోల్డెరీలకు మొదట రికార్డు చేయమని అప్పగించిన పాటలలో ‘లర్గీ’ ఒకటి, ‘ఇన్‌సైడ్ మై హెడ్’ రెండవది. రెండూ ‘క్రీప్’ సింగిల్ వెనుక వైపున వచ్చాయి. ‘లర్గీ’ ఆల్బమ్‌లోకి కూడా చేరింది గానీ దానికి దొరికిన చోటు పదకొండవది. ‘ఐ కాంట్’ విని విసిగిపోయిన చెవులు దాని దగ్గరకు చేరేసరికి అలసిపోయి ఉంటాయి. నాకు ఈ ఆల్బమ్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు పాటల వరుస గురించే. రెండవ పాటగా ‘క్రీప్’ పెట్టి, వెంటనే మూడవదిగా ‘హౌ డూ యూ?’ పెట్టడం, ఏడ్చి తేరుకుంటున్న మనిషి చెవి దగ్గర డప్పు వాయించినట్టు ఉంది.

2009లో పాత రికార్డింగులన్నీ కలిపి రెండు డిస్కుల ప్రతి ఒకటి వచ్చింది. అందులోని ‘కోక్ బేబీస్’ వినండి. అది ‘ఎనీవన్ కెన్ ప్లే గిటార్’ సింగిల్ వెనుక వైపు పాట. మంచులో నడిచినట్టు మసకగా, ఎక్కడా తొందర లేకుండా ఉంటుంది. ‘ఐ కాంట్’ తీసి అక్కడ దీన్ని పెట్టి, దాని వెంట ‘లర్గీ’, ‘బ్లో అవుట్’ వినిపిస్తే ఆల్బమ్ చివరి పదకొండు నిమిషాలు వేరే బృందం చేసినట్టు ఉంటాయి. మేఘావృతం అనుకున్న ఆకాశంలో నీలం కనిపించినట్టు, ఆ వేరే బృందం ఎవరో మనకు వెంటనే తెలిసిపోతుంది.

ఎదురుగాలి:
నిన్న రాత్రి ముక్తాయింపు గారు చెప్పిన వరుసలో విన్నాను. ‘కోక్ బేబీస్’ విషయంలో వారితో ఏకీభవిస్తున్నాను. అయితే అది ఆల్బమ్‌లో లేకపోవడం ఆల్బమ్ లోపమే అవుతుంది కదా. ఏది మంచిదో ఎంచుకోలేకపోవడం కూడా అపరిపక్వతే.

‘ఎనీవన్ కెన్ ప్లే గిటార్’ విషయంలో మాత్రం నేను ఇంతకుముందు తొందరపడ్డాను. ఆ పాట మొదట్లోని గిటార్ల గందరగోళం తగ్గి, ఒక్క బేస్ గిటారు ముందుకు వచ్చే చోటు నాకు నచ్చింది. కాలిన్ గ్రీన్‌వుడ్ ఈ ఆల్బమ్ మొత్తంలో ఎక్కడా అతిగా వాయించలేదు. గోడలు కట్టేవారి నడుమ నేల సంగతి చూసుకున్నది ఆయన ఒక్కడే.

ఆరుతంత్రులు:
ఇక ‘బ్లో అవుట్’ మిగిలింది. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌ను ఏ పాటతో తూచాలంటే దానితోనే తూచాలి.

మొదటి భాగంలో డ్రమ్స్ అంచు మీద తేలికగా పడే దెబ్బలు, బ్రెజిల్ దేశపు బోసానోవా వాసన గల నడక, దాని మీద తడి పొడిగా గిటారు. రాక్ బృందం అన్న మాటే మరచిపోతాం. ఫిల్ సెల్వే ఇక్కడ బలం చూపకుండా ఆపుకోవడం గమనించండి. రెండవ నిమిషం దాటాక పాట వేడెక్కడం మొదలవుతుంది. వేడెక్కినా ముందటి నడక వదలదు, అదే నడక మీద గిటార్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. చివరికి స్వరం అని చెప్పలేని, గాజును గీసినట్టు పైపైకి పోయే ధ్వని ఒకటి మొత్తం పాటను కమ్మేస్తుంది. ఇక్కడ కూడా గోడే ఉంది కదా అని ఎదురుగాలి గారు అడగవచ్చు. తేడా ఏమిటంటే, ‘రిప్‌కార్డ్’లో గోడ మొదటి సెకను నుంచీ అక్కడే ఉంటుంది, ఇక్కడ గోడ మన కళ్ళ ముందే లేస్తుంది, లేచేకొద్దీ లోపల ఊపిరి తగ్గుతుంది. నాలుగున్నర నిమిషాలలో ఒక పాట ఒక స్థితి నుంచి మరో స్థితికి మారిపోవడం ఈ ఆల్బమ్‌లో ఇంకెక్కడా ఇంత నిండుగా జరగదు.

వానరాత్రి:
అందరి మాటలు చదివాక నా లెక్క కొంచెం మారింది. ‘స్టాప్ విస్పరింగ్’ను నిలబడే పాటల జాబితాలోంచి తీసేస్తున్నాను. ఐదు నిమిషాలు దాటిన ఆ పాట చివర్లో ఎంత ఎత్తుకు లేచినా, ఆ ఎత్తు ఎదురుగాలి గారు అన్నట్టు ఇంకొకరి మెట్ల మీదుగా ఎక్కినదే. దాని చోటులో ‘థింకింగ్ అబౌట్ యూ’ను చేర్చుకుంటున్నాను. ‘డ్రిల్’లో ఉన్న పాత రూపం కూడా వెతికి విన్నాను. అక్కడ అదే పాట ఎలక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్స్‌తో, పరుగులాంటి వేగంతో ఉంది. మాటలు అవే, రాగం అదే. ఆల్బమ్ కోసం వారు ఆ హడావిడిని మొత్తం తీసేసి ఒక అకూస్టిక్ గిటారు, ఒక గొంతు ఉంచుకున్నారు, వెనుక సన్నగా ఆర్గన్ పరిచారు. ఆ కొద్ది నెలలలోనే ఎక్కడో ఒకచోట ఏం తీసేయాలో వారికి తెలిసింది.

ఎదురుగాలి:
ఆ ‘డ్రిల్’ రూపం నేను వినలేదు. వినేవరకు ‘థింకింగ్ అబౌట్ యూ’ మీద నా తీర్పును వాయిదా వేస్తున్నాను. ‘ఐ కాంట్’ మీద మాత్రం వాయిదా లేదు.